శిబి తక్కెడ

ప్రాణుల మీద దయ మంచిదా, చెడ్డదా అని అడిగేవాడు లేడు. జవాబు అందరికీ తెలుసు. తెలిసిన జవాబు కనుకనే దాన్ని ఎవరూ పరీక్షించరు. దయచూపే చెయ్యీ, దయ అందుకొనే నోరూ కథల్లో కనబడతాయి. ఆ రెంటికీ వెనుక మరొక మనిషి ఉంటాడు. ఆ దయకయ్యే ఖర్చు భరించేవాడు అతను. అతను కథలోకి రాడు. ఈ వ్యాసం అతన్ని గురించి; సరిగ్గా చెప్పాలంటే, ఆమెను గురించి.

సందర్భం చాలా చిన్నది. నేను సుమారు ఐదేళ్ళపాటు పావురాలకు గింజలు వేశాను. తర్వాత మానేశాను. వేసినన్నాళ్ళూ నాకు కలిగిన సంతృప్తిని నీతి అని అనుకొన్నాను. ఈ పొరపాటు నా ఒక్కడిదే అయితే అచ్చు వేయవలసిన పని లేదు. చదువుకొన్న మధ్యతరగతి మనిషి తన మంచితనాన్ని ఎట్లా లెక్క కట్టుకొంటాడనే ప్రశ్న ఇందులో ఉన్నది కాబట్టి రాస్తున్నాను.

1

2020 వేసవిలో కాలేజీలు మూతబడ్డాయి. హైదరాబాదులో, మూడో అంతస్తులో, మా అద్దె ఇల్లు. రెండు గదులు, ఒక బాల్కనీ. బాల్కనీ పక్కన పైనుంచి కిందిదాకా నీళ్ళ గొట్టాలు దిగే ఇరుకు సందు ఒకటి ఉన్నది. మా భవనంలో అందరూ దాన్ని డక్టు అంటారు. నా భార్య పుట్టింట్లో ఉండగా లాక్‌డౌన్ వచ్చింది. ఆమె అక్కడే చిక్కుకుపోయింది. నేను ఫోను ముందు కూర్చొని, ముఖాలు కనబడని విద్యార్థులకు పాఠం చెప్పేవాణ్ణి. విన్నారో లేదో తెలియదు. పాఠం ముగిశాక ఇంట్లో మనిషి మాట లేదు.

అప్పుడు బాల్కనీ గోడమీద ఒక పావురాల జంట వాలింది. మొదట మిగిలిన అన్నం వేశాను, తర్వాత జొన్నలు కొన్నాను. రెండు నెలలు తిరిగేసరికి జంట కాస్తా గుంపు అయింది. తెల్లవారకముందే కిటికీ అద్దం మీద రెక్కల చప్పుడు. మగపిట్ట మెడ ఉబ్బించి, తల వంచి, గుండ్రంగా తిరుగుతుంటే ఆ మెడమీద ఆకుపచ్చా ఊదా కలిసి మెరిసేవి. ఏసీ పెట్టె వెనుక నాలుగు పుల్లలు పేర్చి రెండు గుడ్లు పెట్టాయి. పగలు మగది పొదిగేది. సాయంత్రం నుంచి మర్నాడు పొద్దుటిదాకా ఆడది. పదిహేడో పద్ధెనిమిదో రోజున పిల్లలు బయటపడ్డాయి. పావురం తన గొంతు సంచిలో పాలవంటి పదార్థాన్ని తయారుచేసి పిల్లలకు పెడుతుందనీ, తల్లి మాత్రమే కాదు తండ్రికూడా ఆ పాలు ఇస్తుందనీ నాకు అప్పుడే తెలిసింది. మనుషుల్లో మగవాళ్ళకు అంతకన్న పెద్ద పాఠం అక్కరలేదని నా భార్యకు ఫోనులో చెప్పాను. "ముందు గిన్నెలు కడగండి" అన్నది ఆమె.

ఆ నెలల్లోనే మా నగరం నుంచి నాగపూర్ వెళ్ళే రహదారిమీద వలస కార్మికులు పిల్లల్ని భుజాన వేసుకొని నడిచి వెళ్తున్నారు. టీవీలో చూశాను. కొంత డబ్బు ఒక సహాయ నిధికి పంపాను. ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ డబ్బు పంపినందువల్ల నాకు ఏ తృప్తీ కలగలేదు. పిడికెడు జొన్నలు వేసినప్పుడు కలిగింది. కారణం తర్వాత ఆలోచిస్తే తెలిసింది. నడిచి వెళ్ళే మనిషి ప్రశ్న వేస్తాడు. నా ఇల్లు కట్టిన కూలీకి ఆ నగరంలో ఇల్లెందుకు లేదని అడుగుతాడు. నోటితో అడగకపోయినా అతని నడక అడుగుతుంది. పావురం ఏమీ అడగదు. తిని ఎగిరిపోతుంది, మర్నాడు మళ్ళీ వచ్చి నన్ను మంచివాణ్ణి చేస్తుంది.

2

మా భవనానికి కాపలా ఉండే అతని భార్య యాదమ్మ. పాలమూరు జిల్లానుంచి వచ్చారు. కింద, కార్లు పెట్టే చోట ఒక మూల వాళ్ళ గది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ డక్టులోకి తెరుచుకొంటుంది. మెట్లు ఊడవటం, వారానికొకసారి డక్టు ఊడవటం ఆమె పని. నాలుగు అంతస్తుల పావురాల రెట్ట, ఈకలు, చచ్చిన పిల్లలు, విరిగిన గుడ్లు అన్నీ అక్కడే పడతాయి. రెట్ట ఎండి పొడి అవుతుంది. పొడి చీపురు తగిలితే లేస్తుంది.

2024 చలికాలంలో ఆమెకు దగ్గు పట్టుకొన్నది. రెండు నెలలైనా తగ్గలేదు. మెట్లెక్కితే ఆయాసం. సర్కారు దవాఖానాలో టీబీ పరీక్ష చేశారు, టీబీ కాదన్నారు. పెద్ద డాక్టరు "మీ దగ్గర పావురాలున్నాయా?" అని అడిగాడట. ఆ మాట నాకు చెప్పి ఆమె నవ్వింది.

"గింజలు ఏసేటోళ్ళకు పున్నెం, ఊడ్సేటోళ్ళకు దగ్గు. గట్లనే ఉంటది గద సారూ."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను నాలుగు మాటల్లో నన్ను సమర్థించుకొనేవాణ్ణి. నవ్వుకు సమాధానం దొరకలేదు.

ఆమె దగ్గుకు నా జొన్నలే కారణమని నేను చెప్పలేను, డాక్టరూ చెప్పలేదు. ఊడ్చే పనిలో దుమ్ము ఒకటే రకం కాదు. కాని తెలిసినంతవరకు విషయం ఇది. పక్షుల రెట్టలోనూ ఈకల పొడిలోనూ ఉండే ప్రోటీన్లు ఊపిరితో లోపలికి పోతే, అందరికీ కాకపోయినా కొందరికి, ఊపిరితిత్తుల్లో ఒక రకమైన వాపు వస్తుంది. నెలలూ ఏళ్ళూ అట్లాగే పీలిస్తే ఊపిరితిత్తి మచ్చగట్టి గట్టిపడుతుంది. గట్టిపడినది మళ్ళీ మెత్తబడదు. మనదేశంలో 19 నగరాల్లో, ఇటువంటి ఊపిరితిత్తుల జబ్బులున్న 1,084 మంది రోగుల వివరాలు సేకరించి 2017లో ప్రకటించారు. వాళ్ళలో సుమారు 47 శాతం మందికి ఉన్నది ఈ వాపు జబ్బే. దానికి దారితీసిన పరిసరాల్లో ఎయిర్ కూలర్లతోపాటు పక్షులూ ఉన్నాయి. ఇవేవీ రహస్యాలు కావు. జొన్నలు కొనేటప్పుడు ధర అడిగాను గాని, ఇది అడగలేదు.

జాషువా 1941లో గబ్బిలాన్ని దూతగా ఎన్నుకోవటం వెనుక ఒక భయంకరమైన సత్యం ఉన్నది. అస్పృశ్యుడైన మనిషికి లేని ఆలయప్రవేశం గబ్బిలానికి ఉన్నది. నేను ఆ కావ్యాన్ని ఏటా పాఠం చెబుతాను. చెప్పి ఇంటికి వచ్చి, బాల్కనీలోకి పావురాన్ని చేతులు చాచి ఆహ్వానిస్తాను. యాదమ్మ ఆ బాల్కనీలోకి వచ్చింది చీపురుతోనే.

3

శిబి కథ మన పాఠకులకు తెలిసినదే. భారతం అరణ్యపర్వంలో ఉన్నది. డేగ తరుముతుంటే పావురం వచ్చి శిబిని శరణు కోరుతుంది. రాజు అభయమిస్తాడు. పావురం ఎత్తు మాంసం తన దేహంనుంచి కోసి ఇస్తాడు. ఎంత కోసినా పావురం వైపే మొగ్గుతుంది. చివరకు తానే తక్కెడలో ఎక్కుతాడు. డేగ ఇంద్రుడు, పావురం అగ్ని అని తేలుతుంది. బడిలో మనం దీన్ని పావురంమీది దయగా నేర్చుకొన్నాం. నేనూ చాలా ఏళ్ళు అట్లాగే చెప్పాను.

కథను జాగ్రత్తగా చూస్తే దాని గొప్పతనం పావురంవైపు లేదు, డేగవైపు ఉన్నది. డేగ వాదం బలమైనది. ఇది నా ఆహారం, నేను ఆకలితో చస్తే నా పిల్లలూ చస్తారు, ఒక ప్రాణాన్ని కాపాడి పెక్కు ప్రాణాలు తీయటం ఏ ధర్మం అని అది అడుగుతుంది. అభయమిచ్చిన తృప్తితో లోపలికి వెళ్ళి నిద్రపోవచ్చు శిబి. అట్లా చేయలేదు. తన దయవల్ల మరొకరికి నష్టం కలిగిందని అంగీకరించాడు. ఆ నష్టాన్ని తూచమన్నాడు. తూచినదాన్ని తన ఒంటినుంచి చెల్లించాడు. రాజు దగ్గర సేవకులకు కొదవ లేదు. ఎవరి తొడనైనా కోయించవచ్చు. రాజులు చేసే దానధర్మాల్లో అధికభాగం ఆ విధంగా జరిగినవే: మాన్యం ఇచ్చింది రాజు, పన్ను కట్టింది రైతు. ఆ చరిత్రకు ఎదురుగా నిలిచి, దయ ఖర్చు దయామయుడే పెట్టుకోవాలని చెప్పటం ఈ కథలోని నీతి.

ఇట్లా వ్యాఖ్యానించి, నా వ్యాఖ్యానానికి నేనే మురిసిపోతుండగా, వెనుక బెంచీలోని ఒక విద్యార్థిని లేచింది.

"సార్, మాంసం రాజే ఇచ్చాడు, సరే. ఆ నెత్తురు కారిన నేల ఎవరు కడిగారు?"

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. బస్సులో ఇంటికి వస్తుంటే ఆ నవ్వు నిలవలేదు. వ్యాస మహర్షి చూపులోకి రాని మనిషిని ఆ పిల్ల చూసింది. తక్కెడకు రెండు సిబ్బెలే ఉంటాయి. ఒకదానిలో పావురం, ఒకదానిలో రాజు. డేగ మాట్లాడగలదు కాబట్టి దాని లెక్క తేలింది. నేల కడిగే మనిషికి సిబ్బె లేదు, మాట లేదు. శిబికన్న నా స్థితి మరీ అన్యాయం. ఒంటినుంచి నేను కోసి ఇచ్చింది ఏమీ లేదు. కిలో జొన్నల ధర ఇచ్చాను. మిగిలిన ఎత్తు యాదమ్మ ఊపిరితిత్తి నుంచి తూగింది.

4

ఇక పావురంవైపు నుంచి చూద్దాం. నా గింజలు లేకపోతే అవి చచ్చిపోతాయా? లేదు. కొండచరియల్లో, పాత కోటగోడల్లో, దిగుడుబావుల్లో బతకటం నేర్చిన పక్షి అది. నాలుగంతస్తుల మేడ దాని కంటికి కొండచరియ, ఏసీ బల్ల రాతి అంచు. అయితే నగరంలో మనం చూసే పావురం పూర్తిగా అడవి పక్షి కూడా కాదు. వేల ఏళ్ళుగా మనిషి పెంచిన పావురాల్లో తప్పించుకొన్నవాటి సంతతి అందులో కలిసి ఉన్నది. డార్విన్ 1859లో తన గ్రంథం మొదటి అధ్యాయంలోనే పావురాలను తీసుకొని, ఇన్ని రంగుల పెంపుడు జాతులూ ఒకే కొండపావురంనుంచి వచ్చినవని వాదించాడు. కాబట్టి అవి ప్రకృతి, మనం నగరం అనే విభజన నిలవదు. వాటి సంఖ్య మన చేతిలో ఉన్నది.

స్విట్జర్లాండులోని బాజెల్ నగరం అనుభవం దీనికి సాక్ష్యం. 1961 నుంచి 1985 వరకు అక్కడ సుమారు లక్ష పావురాలను చంపారు. సంఖ్య తగ్గలేదు; ఇరవై వేల దగ్గరే ఉన్నది. తిండి ఉన్నంతవరకు ఖాళీ అయిన చోటు కొత్త పిల్లలతో నిండిపోతుంది. 1988లో పద్ధతి మార్చారు. గింజలు వేయవద్దని జనానికి నచ్చజెప్పారు. శుభ్రంగా చూసే గూళ్ళు కట్టి, అక్కడ గుడ్లు తీసివేసే ఏర్పాటు చేశారు. నాలుగేళ్ళు దాటేసరికి సంఖ్య సగమైంది. తుపాకి చేయలేని పనిని గింజ ఆగటం చేసింది.

అంటే నేను వేసిన జొన్నలు ఆకలిగొన్న పావురం ఆకలి తీర్చలేదు. డక్టులో ఇరుక్కొని, ఒకదానిమీద ఒకటి రెట్టవేసుకొని, సగం పిల్లలు రాలిపోయే గుంపును తయారుచేశాయి. దయ తన పాత్రుణ్ణి కూడా ఉద్ధరించలేదు.

చిన్నయసూరి నీతిచంద్రిక 1853 నాటిది. దాని మిత్రలాభంలో చిత్రగ్రీవుడనే కపోతరాజు ఉన్నాడు. మనుషులు లేని అడవిలో నూకలు చల్లి ఉండటం చూసి, ఇవి ఇక్కడికి ఎట్లా వచ్చాయో ముందు ఆలోచించమంటాడు. గింజ కనబడినప్పుడు చల్లినవాణ్ణి గురించి అడగటం ఆ పక్షి బుద్ధి. మా నాలుగో అంతస్తు పెద్దమనిషి గ్రహదోషం పోవటానికి రోజూ గింజలు వేస్తాడు. నేను ఒంటరితనం పోవటానికి వేశాను. వేటగాడు పావురాన్ని కోరాడు, మేము పావురంవల్ల వచ్చే పుణ్యాన్నో, ఊరటనో కోరాం. ఎవరి వలలో పక్షులు ఎక్కువ చచ్చాయో తెలియదు.

5

ఇక్కడ నా మిత్రులు ఒక ఆక్షేపణ తెస్తారు. "పస్తులున్న మనుషులుండగా పావురాలకు తిండా? ఇంత చర్చ ఎందుకు, మొదటే మానవలసింది" అంటారు. ఈ వాదం మన శిబిరంలో చాలాకాలంగా చలామణి అవుతున్నది. ఇది తప్పని నా అభిప్రాయం. పావురానికి వేయని పిడికెడు జొన్నలు ఆకలిగొన్న మనిషి దగ్గరకు నడిచి వెళ్ళవు. మనిషి ఆకలి జొన్నల కొరతవల్ల కాదు, పంపకంవల్ల వచ్చింది. పైగా ఈ మాట అనేవాళ్ళలో చాలామంది రెండింటికీ పెట్టరు. ప్రాణిని ప్రేమించే మనసు మనిషిని ప్రేమించదని ఏ శాస్త్రమూ చెప్పలేదు. 1949లో పారిస్ శాంతి మహాసభ గోడపత్రికమీద పికాసో బొమ్మ పెట్టినప్పుడు దానికి నమూనా మతీస్ ఇచ్చిన పావురమే. మన సంఘాలు ఆ రెక్కలను జెండాలమీద మోశాయి.

రెండో ఆక్షేపణ ఎదుటి వైపునుంచి వస్తుంది. పావురాలు రోగం, నెట్ కట్టించండి, పట్టించండి అంటారు. 2025 జులైలో ముంబయిలోని 51 కబూతర్‌ఖానాలు మూయిస్తామని మహారాష్ట్ర ప్రభుత్వం శాసనమండలిలో ప్రకటించింది. ఆగస్టులో దాదర్ కబూతర్‌ఖానామీద కప్పిన టార్పాలిన్లను నిరసనకారులు చించివేశారు. కోర్టులో వాదాలు నడిచాయి. ఒక పక్షం జీవదయ, మతాచారం అన్నది. ఇంకొక పక్షం నివాసుల ఆరోగ్యం అన్నది. రెండూ నిజమైన మాటలే. కాని నేను చదివిన వార్తల్లో, ప్రతి ఉదయం ఆ చోటును ఊడ్చే కార్మికుని మాట నాకు కనబడలేదు. రెట్టను అందరికన్న దగ్గరగా, అందరికన్న ఎక్కువసేపు పీల్చేది అతనే. దయ పక్షానికీ ఆరోగ్య పక్షానికీ మధ్య తగవు ఇంటి యజమానుల తగవుగానే మిగిలింది. మా భవనంలోనూ అంతే. పైవాళ్ళు పుణ్యం, కిందివాళ్ళు శుభ్రత అన్నారు. చీపురు ఎవరి చేతిలో ఉన్నదో రెండు పక్షాలూ అడగలేదు.

అట్లాగే నిషేధం దానంతట అది న్యాయం కాదు. మక్కా మసీదు దగ్గర జొన్నలు అమ్ముకొని పొట్టపోసుకొనే పేదవాళ్ళున్నారు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేరులో 2003లో, వెనిస్ సెయింట్ మార్క్ చౌకులో 2008లో గింజలు వేయటం ఆపించారు. మన దగ్గరా ఆపించవచ్చు. ఆపించేటప్పుడు ఆ గింజలమ్మే మనిషికి మరో బతుకుతెరువు చూపకపోతే, ఆ ఖర్చుకూడా మళ్ళీ అట్టడుగు మనిషిమీదనే పడుతుంది.

ప్రాణులమీద దయ పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతున్నది. 1976లో 42వ సవరణ ద్వారా అది చేరింది. పీఠికలో 'సామ్యవాద' అన్న మాట చేరింది కూడా ఆ సవరణతోనే. రెండు మాటలూ ఒకే రోజు పుట్టిన కవలలు. ఒకదాన్ని గుళ్ళోనూ ఒకదాన్ని సభలోనూ పెట్టి విడదీసింది మనమే.

6

నేను గింజలు మానిన మొదటి వారం కష్టంగా గడిచింది. తెల్లవారుతూనే వచ్చి అద్దంమీద రెక్కలు కొట్టేవి. గూట్లో పిల్లలున్నాయి కాబట్టి ఒక్కసారిగా ఆపలేకపోయాను, రోజురోజుకూ తగ్గించాను. నెల దాటేసరికి పిల్లలు ఎగిరిపోయాయి. గుంపు పలచబడింది. ఒక జంట మాత్రం ఇప్పటికీ గోడమీద వాలుతుంది. చూస్తాను. పెట్టకుండా చూడటం వేరే రకమైన చూపని తెలిసింది. పెట్టినప్పుడు పావురంలో నన్ను చూసుకొన్నాను. ఇప్పుడు పావురాన్ని చూస్తున్నాను.

నివాసుల సమావేశంలో మూడు ప్రతిపాదనలు పెట్టాను. డక్టును పొడిగా ఊడవరాదు. నీళ్ళు చల్లి, తడిసిన తర్వాతే తీయాలి. ఆ పని చేసేవారికి మంచి మాస్కు, చేతితొడుగులు, విడిగా కూలి ఇవ్వాలి. యాదమ్మ గది కిటికీని వీధివైపు పెట్టించాలి. మొదటిది ఒప్పుకొన్నారు. రెండోదానిలో మాస్కు ఒప్పుకొన్నారు, కూలి వాయిదా వేశారు. మూడోదానికి ఖర్చు ఎక్కువన్నారు. డక్టుపైన నెట్ కట్టటానికి అంతకన్న ఎక్కువ డబ్బు ఒక్క పూటలో పోగయింది. నాలుగో అంతస్తు పెద్దమనిషి ఇంకా గింజలు వేస్తున్నాడు. నేను ఆయనతో వాదించాను, ఓడిపోయాను. ఆదివారంపూట డక్టు తడిపి తీసే పనిలో నేను చేయి కలుపుతున్నాను. ఇది గొప్ప కాదు. మొదటిసారి వెళ్ళినప్పుడు యాదమ్మ నన్ను పక్కకు జరగమంది. "మీకు రాదు సారూ, గోడకు కొట్టుకుంటరు" అన్నది. నిజంగానే కొట్టుకొన్నాను. ఆమె దగ్గు కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఒక వ్యక్తి చీపురు పట్టినంతమాత్రాన సమాజంలోని శ్రమవిభజన మారదు. ఆ భ్రమ నాకు లేదు. కూలి, కిటికీ, సెలవు, వైద్యం అన్నవి దయమీద ఆధారపడకుండా హక్కుగా రావాలి. దానికి యాదమ్మవంటివాళ్ళ సంఘం కావాలి, నా వ్యాసం చాలదు. కాని ఆ లోపల మన మంచిపనులను మనమే పరీక్షించుకొనే ఒక కొలత అవసరం. దయ ఎంత మెత్తగా ఉన్నది, ఎవరిని తృప్తిపరిచింది అన్నవి కొలతలు కావు. దాని బరువు ఎవరి ఒంటినుంచి తూగుతున్నదన్నదే కొలత. పక్షులకు నీళ్ళు పెట్టటానికీ, వీధికుక్కలకు అన్నం వేయటానికీ, ఊరంతా పిలిచి అన్నదానం చేసి ఎంగిలాకులు వదిలిపోవటానికీ ఇది వర్తిస్తుందని నేను అనుకొంటున్నాను. మిత్రులు విభేదిస్తే చర్చించాలని కోరుతున్నాను. నా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఇంకా నేను తరగతిలో జవాబు చెప్పలేదు. వచ్చే ఏడు శిబి పాఠం మళ్ళీ వస్తుంది. ఈసారి పాఠాన్ని ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.